ఐదు లైన్ల బ్రెన్నా

డెన్వర్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ల మధ్య బ్రెన్నా కోల్టర్ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఐదు లైన్ల బ్రెన్నా అంటే మాత్రం వెంటనే ముఖాలు విప్పారతాయి. "ఆ అమ్మాయా! హాలు మొత్తం ఫోన్లు మోగించేస్తుంది, ఆ అమ్మాయేగా?" అంటారు.

ఆమె రింగ్‌డవ్ అనే కంపెనీలో పనిచేసేది. ఫోన్లకు సందేశాలు పంపించడం ఆ కంపెనీ వ్యాపారం. అయితే మనిషి వచ్చి పంపమంటే అది పంపదు. ప్రోగ్రాం వచ్చి అడగాలి, ఏ మాటల్లో అడగాలో అది ముందే చెప్పి ఉంచుతుంది. అలా అడిగే పద్ధతినే వాళ్లు ఏపీఐ అంటారు. ఎక్కడో ఒక దంతవైద్యుడి దగ్గర, ఒక పిజ్జా కొట్టులో, ఒక బడిలో పనిచేసే ప్రోగ్రామరు ఆ పద్ధతిని ఒకసారి తన పనిలో కలుపుకున్నాడంటే మళ్లీ విడదీసుకోవడం కష్టం. ఆ మొదటిసారి కలుపుకునేలా చేయడమే బ్రెన్నా ఉద్యోగం. విజిటింగ్ కార్డు మీద 'డెవలపర్ ఎవాంజెలిస్ట్' అని ఉండేది. గ్రాండ్ జంక్షన్ ఊళ్లో ఉండే వాళ్లమ్మ చర్చి మనిషి. ఆ కార్డు చూసి కళ్లజోడు సవరించుకుంది.

"ఎవాంజెలిస్టా? ఎవరి సువార్త చెప్తున్నావే?"

"రింగ్‌డవ్ వాళ్లదమ్మా."

"వాళ్లెవరు, కొత్త శాఖా? బాప్తిస్మం నీళ్లలో ముంచి ఇస్తారా, చల్లి ఇస్తారా?"

"టీషర్టు ఇస్తాం."

ఆ మాటను వాళ్లమ్మ ఆదివారం చర్చిలో అందరికీ చెప్పుకుని నవ్వింది.

చిన్నప్పుడు బ్రెన్నా నోరు విప్పే పిల్ల కాదు. తరగతిలో లేచి నిలబడితే చెవులు ఎర్రబడి, తెలిసిన జవాబు కూడా మింగేసేది. అలాంటి పిల్లకు మొదటిసారి ఒక మీటప్‌లో, అంటే పిజ్జా తిని కబుర్లు చెప్పుకునే ప్రోగ్రామర్ల సాయంత్రపు కూటమిలో, చప్పట్లు దొరికాయి. గుమ్మం దగ్గర అందరి ఫోన్ నంబర్లూ తీసుకుని, ఖాళీ తెర మీద అందరి ముందూ ప్రోగ్రాం రాసింది. చివరి మీట నొక్కగానే హాల్లో ఉన్న ప్రతి జేబులోనూ ఫోను మోగింది. జనం నవ్వుతూ, ఉలిక్కిపడుతూ ఫోన్లు తీసి ఒకరికొకరు చూపించుకున్నారు. ఆ రోజు నుంచి ఆమెకు మాట తడబడలేదు. తన ఒంట్లో ఇంకో మనిషి ఉందని, వేదిక ఎక్కితేనే ఆ మనిషి నిద్రలేస్తుందని ఆమె నమ్మింది.

మొదట్లో ఆ ప్రోగ్రాం ఐదు లైన్లు కాదు, తొమ్మిది. ఐదో లైను దగ్గర సందేశం పంపమని రింగ్‌డవ్‌ను అడగడం అయిపోతుంది. మిగిలినవి జవాబు కోసం ఆగేవి. పంపించారా, తిరగ్గొట్టారా, తిరగ్గొడితే ఎందుకు అని చూసి చెప్పేవి. కానీ వేదిక మీద ఆ జవాబు కోసం ఆగాల్సి వచ్చేది. కొన్ని క్షణాలే అయినా, తెర మీద ఏమీ కదలకపోతే హాల్లో ఎవరో దగ్గుతారు, ఎవరో ఫోను చూసుకుంటారు. చప్పట్లు రావాల్సిన చోట ఆ గ్యాప్ ఆమెకు బల్లెంలా గుచ్చుకునేది. ఒకరోజు ఆమె ఆ నాలుగు లైన్లు తీసేసింది. వాటి స్థానంలో ఏమీ అడక్కుండా, ఏమీ చూడకుండా, 'పంపేశాం!' అని తెర మీద చెప్పే మాటను ఐదో లైనుకే తగిలించింది. చప్పట్లు అప్పటికప్పుడే పడ్డాయి.

ఆమె పై అధికారి గ్రేడీకి అది ఎంతో నచ్చింది. "పోటీవాళ్లవి పన్నెండు లైన్లు. మనవి ఐదు. ఇంకేం చెప్పక్కర్లేదు, దీన్నే టీషర్టు మీద కొట్టిద్దాం" అన్నాడు. కొట్టించాడు కూడా. తర్వాత, కొత్తవాళ్లు మొదట చదివే పేజీలో ఏ ఉదాహరణ పెట్టాలన్న మాట వచ్చింది. పేజీలు రాసే విభాగంలో ఒకతను అడిగాడు: "జవాబు చూసుకునే లైన్లు పెట్టొద్దా?"

"వద్దు. కొత్తవాళ్లు బెదిరిపోతారు" అంది బ్రెన్నా. "కావాలంటే అడుగున చిన్నగా ఒక మాట రాయండి. అసలు పనిలో వాడేటప్పుడు జవాబు చూసుకోవాలి అని."

అలాగే రాశారు. ఆ పేజీ కింద ఆమె పేరు పెట్టారు.

నవంబరులో ఒక మీటప్‌లో, చప్పట్లు అయిపోయి ప్రశ్నలు అడిగే వేళ, వెనక వరుసలో ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. గోధుమరంగు కోటు విప్పకుండానే కూర్చుంది ఇంతసేపూ. గుమ్మం దగ్గర ఇచ్చిన టీషర్టు మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది. పేరు లోర్నా టఫోయా. ఆర్కాన్సా నది లోయ నుంచి, ప్యూబ్లో పట్నానికి ఇంకా తూర్పున ఉన్న పొలాల ఊరి నుంచి బండి నడుపుకుంటూ వచ్చింది.

"అమ్మా, నాదొక చిన్న సందేహం. మీకందరికీ నవ్వులాటగా ఉంటుందేమో."

"పర్లేదు, అడగండి. ఇక్కడ అందరం ఒకరినొకరు నవ్వించుకోడానికే వచ్చాం" అంది బ్రెన్నా. వేదిక మీది మనిషి ఇంకా మెలకువగానే ఉంది.

"మా ఊళ్లో కాలువ సంఘం ఉంది. నేను కార్యదర్శిని. ఎవరి నీటి వంతు ఎప్పుడో చెప్పడం నా పని. ఇదివరకు ఇంటింటికీ ఫోన్ చేసేదాన్ని. ఎవరూ ఎత్తరు, ఎత్తినవాడు మనవళ్ల కబుర్లు మొదలెడతాడు. మీ పేజీ చూసి, మీరు చూపించినట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా కొట్టాను. రెండు ఎండాకాలాలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఈ జూలైలో మాత్రం మా ఆర్విల్ స్టాక్‌డేల్ గారికి సందేశం వెళ్లలేదు. ఆయన వంతు వచ్చి వెళ్లిపోయింది, తూము ఎత్తలేదు. ఖర్బూజా తోట. కాయ ఊరే సమయం. ఆ ఎండకి…" ఆవిడ మాట ఆపి చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చేసింది. "కానీ నా తెర మీద 'పంపేశాం' అనే ఉంది. నేను సంఘంలో అదే చెప్పాను. పంపాను, నా కళ్లతో చూశాను అని. ఆయన రాలేదన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడన్నట్టు అయింది నా మాట. తర్వాత ఆయన ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నిజంగానే రాలేదు. ఇప్పుడు అందరూ, లోర్నా మర్చిపోయి బొంకింది అంటున్నారు. నేనెక్కడ తప్పు చేశానో తెలుసుకుందామని వచ్చాను."

బ్రెన్నాకు మొదటి మాటలకే అర్థమైంది. ఆ జూలైలో ఒక ఫోన్ కంపెనీ, ఒకే మాటలున్న సందేశాలు ఒకేసారి చాలామందికి వెళ్తే వాటిని ప్రకటనల చెత్త కింద లెక్కేసి ఆపేయడం మొదలుపెట్టింది. ఆర్విల్‌ది ఆ కంపెనీ ఫోను అయి ఉంటుంది. వాళ్లు ఆపేశారని రింగ్‌డవ్ జవాబులో చెప్పింది కూడా. లోర్నా ప్రోగ్రాం వినలేదు. దానికి వినడం ఎవరూ నేర్పలేదు.

చెప్పాల్సిన మాట నాలుక చివరికి వచ్చింది. హాలు నిండా జనం ఉన్నారు. వెనక గోడకు ఆనుకుని గ్రేడీ నిలబడి ఉన్నాడు.

"మీరు జవాబు చూశారా?" అంది బ్రెన్నా.

"ఏ జవాబు?"

"రింగ్‌డవ్ ప్రతి సందేశానికీ జవాబిస్తుంది. దాన్ని చూడాలి. పేజీ అడుగున రాశాం కదా."

ముందు వరుసలో ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, "చదవాలి కదా పిన్నిగారూ, చదవాలి! అందరికీ చెప్పేది అదే!" అన్నాడు. హాలంతా నవ్వింది. అది క్రూరమైన నవ్వు కాదు. తామందరూ ఎప్పుడో ఒకప్పుడు పడ్డ గోతిలో ఇంకొకరు పడితే వచ్చే నవ్వు. బ్రెన్నా కూడా నవ్వింది. నవ్వుతున్నానని తెలిసేసరికే పళ్లు బయటపడ్డాయి.

"నేను అడుగుదాకా చదవలేదమ్మా" అంది లోర్నా. "నా తప్పే. థాంక్స్."

ఆవిడ కూర్చుంది. తర్వాతి ప్రశ్న ఎవరిదో బ్రెన్నాకు గుర్తులేదు. జనం పిజ్జా పెట్టెల వైపు లేచినప్పుడు లోర్నా గుమ్మం దగ్గరి బల్ల మీద టీషర్టును, ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, పెట్టి వెళ్లిపోవడం చూసింది. ఎవరో కంపెనీ స్టిక్కరు అడిగారు. ఇచ్చింది. ఆవిడ బండి వెళ్లిపోయేదాకా స్టిక్కర్లు ఇస్తూనే ఉంది.

మర్నాడు ఆఫీసులో ఆమెకు పని సాగలేదు. ఆ నవ్వు ఆమె దవడల్లో ఇంకా ఉన్నట్టే ఉంది. కాఫీ తాగితే ఆ చోటే నొప్పి. తప్పు చేసినందుకు వచ్చే బాధ ఆమెకు తెలుసు. దాన్ని ఎలాగో పని చేసుకుంటూ దాటొచ్చు. ఇది అది కాదు. అబద్ధం చెప్పినా బాగుండేది. ఆమె చెప్పిందంతా నిజమే. పేజీ అడుగున రాశారు, ఆవిడ చదవలేదు. ఆ నిజాన్ని ఆమె కప్పుకుంది, అది ఒంటికి సరిగ్గా సరిపోయింది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"లోర్నా గారా? నేను బ్రెన్నాని. నిన్న…"

"ఆ, చెప్పమ్మా! ఏమైనా మర్చిపోయి వచ్చానా ఏంటి, కోటు అక్కడే ఉందా? లేదే, ఒంటి మీదే ఉందే."

"అది కాదండీ. నిన్న నేను సరిగ్గా జవాబు చెప్పలేదు."

"చెప్పావుగా. ఇంటికొచ్చి అడుగుదాకా చదివాను. ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. నువ్వు చెప్పిందే కరెక్ట్. డిసెంబరు మొదటి శనివారం మా సంఘం ఏడాది సమావేశం. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టే మాట ఆ రోజు పెడతారు. నాకు చదవడం రాలేదని చెప్పేస్తాను. బొంకిందనే కంటే మొద్దు అనిపించుకోవడమే నయం కదా."

"నేను వస్తానండీ ఆ రోజు. నేను చెప్తాను."

లోర్నా, "ఏం చెప్తావు? స్టిక్కర్లు పంచుతావా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అంది.

బ్రెన్నా గ్రేడీ గదికి వెళ్లి సంగతి చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. ఆమెకు జ్వరం వస్తే ఇంటికి సూప్ పంపించినవాడు.

"వెళ్లి ఏం చెప్తావు? మా ఉదాహరణ తప్పు అనా?" అన్నాడు. "తప్పు కాదు కదా. చిన్నది, అంతే. వంట నేర్పేవాడు టీవీలో చేతులు కడుక్కోవడం చూపిస్తాడా?"

"ఆవిడ ఉద్యోగం పోతుంది గ్రేడీ. ఉద్యోగం కూడా కాదు, పేరు పోతుంది. అబద్ధాలకోరు అంటున్నారు."

"పాపమే. కాదనను. కానీ కంపెనీ పేరు ఎత్తకు. లాయర్లు ఊరుకోరు."

"ఆ పేజీ మార్చేద్దాం."

"కొత్త సంవత్సరంలో చూద్దాం. ఐదు అనేది మన సంతకం బ్రెన్నా. తొమ్మిదైతే ఎవరు చప్పట్లు కొడతారు?"

ఆమె సరేనంది. సరేననగానే భుజాల మీద బరువు కొంచెం దిగినట్టయింది. దానికి ఆమెకు తర్వాత మరీ సిగ్గేసింది.

సమావేశం ఊరి రైతుల హాల్లో, పొద్దున పూట. పొయ్యి పక్క బల్ల మీద పచ్చిమిరపకాయల పంది కూర, మొక్కజొన్న రొట్టె, యాపిల్ కూరిన తీపి రొట్టె వరుసగా ఉన్నాయి. ఎవరింటి గిన్నె ఏదో చూడకుండానే చెప్పగలిగిన జనం. బ్రెన్నా దారిలో కొన్న దుకాణం కేకు డబ్బాను ఆ వరుసలో ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. లోర్నా వచ్చి దాన్ని తీసుకుని చివర్న పెట్టింది.

"వచ్చావా" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

కార్యదర్శి సంగతి వచ్చినప్పుడు లోర్నా లేచి, "నేను మాట్లాడేముందు ఈ అమ్మాయి ఏదో చెప్పాలంటోంది. డెన్వర్ నుంచి వచ్చింది. వినండి" అని కూర్చుంది.

బ్రెన్నా నిలబడింది. ఎదురుగా ఉన్న ముఖాలన్నీ ఎండకు కాలినవి, చలికి పగిలినవి. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. వేదిక మీది మనిషి నిద్రలేవలేదు. చెవులు వేడెక్కడం ఆమెకు తెలిసింది.

"లోర్నా గారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ తెర మీద 'పంపేశాం' అనే కనిపించింది. ఆ ప్రోగ్రాం నేను రాసింది. ఆవిడ నన్ను చూసి నేర్చుకున్నారు. సందేశం వెళ్లిందో లేదో చూడకుండానే పంపేశాం అని చెప్పేలా రాశాను."

ముందు వరుసలో ఉన్న ముసలాయన తల ఎత్తాడు. ఆర్విల్ స్టాక్‌డేల్ అతనేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. హాలంతా అతని వైపే చూస్తోంది.

"ఆగమ్మా, ఆగు. అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు. "నేను తూము మనిషిని పంపాననుకో, నీళ్లు వచ్చాయో లేదో చూసి రమ్మని. వాడు గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగి, వచ్చేశాయండీ అన్నాడు. అదేనా?"

"అదేనండీ."

"చూసి రావడం వాడికి చేతకాదా?"

"చేతనవును. చూసి వచ్చే లైన్లు మొదట ఉండేవి. నేను తీసేశాను."

"ఎందుకు?"

ఆమె ఈ ప్రశ్న కోసం దారంతా జవాబులు సిద్ధం చేసుకుంది. కొత్తవాళ్లు బెదిరిపోకూడదని. నేర్చుకోవడం తేలిక కావాలని. అవన్నీ బండిలో బాగానే వినిపించాయి. ఇక్కడ, ఈ మిరపకాయల వాసనలో, నోట్లోకి రాలేదు.

"చిన్నగా ఉంటే బాగుంటుందని" అంది.

"ఎంత చిన్నగా?"

"నాలుగు లైన్లు తగ్గుతాయి."

వెనక నుంచి ఎవరో, "నాలుగు ఎకరాలు అనుకున్నాను" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

"నాలుగు లైన్లు తగ్గితే ఏం మిగులుతుంది? కరెంటా, కాయితమా?"

"ఏమీ మిగలదండీ. వేదిక మీద చూపించేటప్పుడు… ఆగాల్సి వచ్చేది. జనం చప్పట్లు కొట్టేముందు కాస్త ఆగాల్సి వచ్చేది. అది నాకు నచ్చలేదు."

చెప్పాక ఆమెకు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు పెద్దదై ఉంటే బాగుండుననిపించింది. పెద్ద తప్పుకి పెద్ద కారణం ఉంటుంది, దాని వెనక నిలబడొచ్చు. ఇది ఇంత చిన్నది. దీని వెనక ఒక మనిషి కూడా పట్టదు.

ఆర్విల్ తిట్టలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు చూస్తూ కూర్చున్నాడు. "వేసవంతా కాఫీ హోటల్లో కూర్చుని లోర్నాని నానా మాటలూ అన్నాను" అన్నాడు చివరికి. "వాళ్లాయన పోయాక మతి పోయిందన్నాను. అది కూడా అన్నాను." లేచాడు. "ఏమయ్యా, ఇంక ఓటెందుకు? లోర్నాయే ఉండాలి. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. అవునవునని గొంతులు లేచాయి. ఒకావిడ చప్పట్లు కూడా మొదలుపెట్టింది. బ్రెన్నాకు ఊపిరి ఆడింది.

లోర్నా లేచి నిలబడేదాకా చప్పట్లు ఆగలేదు.

"వద్దు" అంది లోర్నా.

"అదేంటి లోర్నా?"

"నాకొద్దు ఆర్విల్ గారూ. వసంతంలో నీళ్లు వదిలేలోపు ఇంకొకర్ని చూసుకోండి. అప్పటిదాకా చేస్తాను." ఆవిడ గొంతు పైకి లేవలేదు. "ఈ అమ్మాయి రెండు ముక్కలు చెప్పగానే మీ ముఖాలు చూశాను. నాకు మతి తిరిగొచ్చినట్టు చూశారందరూ. అది ఎక్కడికీ పోలేదు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను చూస్తున్నారు, మీ పిల్లలకి నేనే కదా ఆదివారం బళ్లో పాఠాలు చెప్పింది. నేను బొంకనని తెలియడానికి మీకు డెన్వర్ నుంచి మనిషి రావాల్సొచ్చింది. ఆ మనిషి రాకపోతే?"

ఆర్విల్ టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"కూర చల్లారిపోతోంది. తినండి" అని లోర్నా వంటబల్ల వైపు వెళ్లిపోయింది.

తిండి దగ్గర జనం బ్రెన్నాతో మర్యాదగానే మసలుకున్నారు. ఒకావిడ పళ్లెం ఇచ్చింది. అందులో ఉన్నవాటిని ఆమె అటూ ఇటూ జరిపింది. తను ఏది ఇద్దామని వచ్చిందో అది లోర్నా చేతికి ఇచ్చేసరికి, ఆవిడకు దాంతో పనిలేకుండా పోయింది. చివరికి లేచి, గిన్నెలు కడుగుతున్న లోర్నా దగ్గరికి వెళ్లి తువ్వాలు అందుకుంది.

"నన్ను క్షమించండి" అంది.

"ఇక్కడిదాకా రావక్కర్లేకపోయిందమ్మా" అంది లోర్నా, నురగలోంచి చేతులు తీయకుండా. "ఆ రోజే, ఆ హాల్లోనే, 'అది నా పొరపాటు' అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఆ కుర్రాళ్లు నవ్వేవాళ్లు కాదు. తల ఎత్తుకుని ఇంటికొచ్చి, ఇక్కడ ఎలా చెప్పుకోవాలో నేనే చెప్పుకునేదాన్ని."

బ్రెన్నా తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది.

"ఒకటడుగుతాను. ఆ పేజీ మార్చావా?"

"ఇంకా లేదండీ. మా అధికారిని అడిగాను. కొత్త సంవత్సరంలో…"

"ఆయన మారిస్తే గానీ మారదా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు ఇంక ఓపిక లేదు. "నేనూ మార్చొచ్చు. అది నా పేజీ. ఎవర్నీ అడగక్కర్లేదు."

లోర్నా కొళాయి కట్టేసి ఆమె వైపు తిరిగింది. అంతసేపట్లో మొదటిసారి ఆవిడ కళ్లలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. కోపం ఉన్నా బాగుండేదనిపించింది బ్రెన్నాకు.

"ఇంతదూరం బండేసుకొచ్చి ఇంతమంది ముందు ఏడుపు ముఖంతో నిలబడ్డావు. అదింకా అలాగే ఉందా? ఇప్పుడు కూడా ఎవరో ఒకళ్లు దాన్ని చూసి రాసుకుంటున్నారా?"

"అవునండీ."

లోర్నా ఆమె చేతిలోని తువ్వాలు తీసేసుకుంది.

హాల్లో సిగ్నల్ లేదు. బ్రెన్నా ల్యాప్‌టాప్ పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే ఆర్విల్ స్టాక్‌డేల్ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. కాసేపు చూశాడు.

"ఇక్కడ రాదు. కాలువ గట్టెక్కాలి" అన్నాడు.

ముందు నడిచాడు. శీతాకాలం కాబట్టి కాలువలో నీళ్లు లేవు. ఎండిన గడ్డి, అడుగున పగిలిన మన్ను, గట్టు మీద కోసుకుపోయే గాలి. ఆమె నేల మీద చతికిలబడి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు చలికి మాట వినలేదు. తీసేసిన లైన్లు ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే మళ్లీ పెట్టింది. పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఉన్న 'ఐదే లైన్లు!' అనే మాటను చెరిపేసింది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నదాన్ని పైకి తెచ్చి, పెద్దగా రాసి, మార్పును అందరికీ కనిపించేలా పెట్టేసింది. తర్వాత ఫోన్లో ఆ పేజీని కొత్తగా తెరిచి, మారిందో లేదో తన కళ్లతో చూసుకుంది.

ఆర్విల్ గాలికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కావాలని నిలబడ్డాడో, ఊరికే నిలబడ్డాడో ఆమె అడగలేదు.

"అయిందా?"

"అయిందండీ. పేజీ మారింది."

"మరి ఇదివరకే దాన్ని చూసి రాసుకున్నవాళ్ల సంగతో?"

"వాళ్ల దగ్గర పాతదే ఉంటుంది."

"వాళ్లకి చెప్పొచ్చుగా."

"చెప్పేచోట్లల్లా చెప్తాను. సోమవారం నుంచి అదే పని. కానీ ఎవరెవరు తీసుకున్నారో మాకు తెలియదండీ. ఒకళ్లని చూసి ఒకళ్లు తీసుకుని ఉంటారు. ఎన్ని ఊళ్లలో ఉందో తెలియదు."

"ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ తెలియదండీ."

ముసలాయన ఇంకేదో అడగబోయి, మానేసి, కోటు కాలరు పైకి లాక్కున్నాడు. బ్రెన్నా ల్యాప్‌టాప్ మూసింది. కానీ వెంటనే లేవలేకపోయింది. గట్టుకి అవతల చాలా దూరం దాకా పొలాలున్నాయి, ఒక్కో పొలం మధ్య ఒక్కో ఇల్లు.